జార్జియా డీజిల్

జనవరి 17. అల్ఫారెట్టా, జార్జియా.

బయట 46 ఫారెన్‌హీట్, వాన. ట్రెయిలర్‌లో 55. మల్లె కుండీలు 840. ఉత్తరాన ఇల్లినాయ్‌లో, అరోరాలోని ప్రణవి నర్సరీకి వెళ్లాలి. ఆ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఇవి బాగా చేరితే ఏప్రిల్ నుంచి ట్రిప్పులన్నీ గిరిజగారికే ఇస్తానంది. ట్రక్కు గిరిజగారిది. మూడు నెలలుగా నేను రెండో డ్రైవర్‌ని.

సగం ట్యాంకే నింపండి బ్రహ్మయ్యగారూ, ఇక్కడి డీజిల్ అక్కడి చలికి గడ్డకడుతుంది, మిగతాది ఇల్లినాయ్‌లో వింటర్ డీజిల్ కలుపుదాం, యాంటీజెల్ మాత్రం ఇప్పుడే పోసేయండి అని చెప్పి ఆవిడ పేపర్లకు లోపలికి వెళ్లారు. పంపు దగ్గర ఎవరూ లేరు. దారిలో ఒక స్టాప్ తగ్గుతుంది కదా అని రెండు ట్యాంకులూ అంచుదాకా నింపాను. మొక్కల్ని వెచ్చగా ఉంచే ట్రెయిలర్ హీటర్ ట్యాంకు కూడా. ఈ వానలో, డీజిల్ గడ్డకట్టకుండా పోసే యాంటీజెల్ ఎందుకు, పైకి వెళ్లాక చూద్దాం అనుకున్నాను.

వచ్చి, అయిందా అన్నారు. అయిందన్నాను.

జనవరి 18, ఉదయం 6:50. ఇల్లినాయ్, ఎఫింగ్‌హామ్ దాటాక.

మైనస్ 11. బండి లాగడం లేదు. పెడల్ అంతా తొక్కినా స్పీడ్ 40 దాటడం లేదు. గిరిజగారు వెనక బెర్త్‌లో నిద్రపోతున్నారు.

7:15.

రెస్ట్ ఏరియాలోకి దొర్లుతూ వచ్చి ఆగిపోయింది. ట్రెయిలర్ హీటర్ కూడా ఆగింది. లోపల 51. యాంటీజెల్ సీసా మొత్తం పోశాను. డీజిల్ గడ్డకట్టాక అది పనిచేయదని పుస్తకంలో చదివాను. తెలిసే పోశాను.

మధ్యాహ్నం 12:30. అదే రోజు.

ఇప్పుడు ఆవిడ నడుపుతున్నారు. వరసగా రాస్తాను.

లేచీ లేవగానే, ఎంత కలిపారు ఇల్లినాయ్‌ది అని అడిగారు. ఏమీ కలపలేదన్నాను. మొత్తం జార్జియాదే అన్నాను. ఆవిడ బూట్లు తొడుక్కున్నారు. అయితే మనం మూడొందల గ్యాలన్ల కొవ్వొత్తి మీద కూర్చున్నాం అన్నమాట అన్నారు. తిట్టడానికి టైమ్ లేదు, తర్వాత తిడతాను, గుర్తు చేయండి అన్నారు.

బెర్త్ కింద, హీటర్ గాలి తగిలేచోట, తువ్వాల్లో చుట్టిన ఫిల్టర్లు తీశారు. ట్రక్కుకి రెండు, ట్రెయిలర్ హీటర్‌కి ఒకటి. వెచ్చగా ఉన్నాయి. గడ్డకట్టిన డీజిల్‌ని కరిగించే మందు సీసాలు వేరుగా ఉన్నాయి. నవంబర్ నుంచీ అక్కడే పెట్టుకున్నారట. ఆ బెర్త్ మీద నేనూ మూడు నెలలు పడుకున్నాను.

నేను ఇంజన్ వైపు వెళ్లబోతే ఆపారు. ఇంజన్‌కి చలెయ్యదండీ, మొక్కలకి వేస్తుంది, ముందు హీటర్ అన్నారు. ట్యాంకు కింద గ్యాస్ టార్చ్‌తో మంట చూపిద్దామా అన్నాను. చూపించండి, ఇద్దరం వెచ్చగా పోతాం అన్నారు.

పాత ఫిల్టర్ విప్పితే లోపల పేరిన నెయ్యిలా ఉంది. ఆవిడ ట్యాంకులో మందు పోసి, కొత్త ఫిల్టర్‌లోనూ పోసి బిగించారు. గ్లవ్స్ డీజిల్‌తో తడిస్తే వెంటనే మార్చేవారు, నా చేతివీ మార్పించారు. తడి గ్లవ్‌తో అయిదు నిమిషాలుంటే వేళ్లుండవన్నారు. అయిదేసి నిమిషాలకు లోపలి టెంపరేచర్ గట్టిగా చదవమన్నారు. 46. 44. 41. కొంచెం మంచి నంబర్ చదవకూడదా అన్నారు.

39 దగ్గర హీటర్ అందుకుంది. ఆ తర్వాతే ట్రక్కు ఫిల్టర్లు. మందు పోసి అరగంట ఆగాం. ఆ అరగంటలో ఆవిడ ఒక్కసారి కూడా స్టార్ట్ చేసి చూడలేదు. నేనైతే పదిసార్లు తిప్పి బ్యాటరీ చంపేసేవాణ్ణి. ముప్పై ఒకటో నిమిషంలో తాళం తిప్పారు. రెండు దగ్గులు దగ్గి పట్టుకుంది.

పుస్తకాల్లో ఇదంతా ఉంది. ఏది ముందు చెయ్యాలో లేదు.

సాయంత్రం. అరోరా.

809 బాగున్నాయి. వెనక తలుపుల దగ్గరి 31 నల్లబడ్డాయి.

వాట్ హ్యాపెన్డ్ ఆంటీ, నేను చాలా వర్రీ అయ్యాను అంది ప్రణవి. డీజిల్ గడ్డకట్టిందమ్మా, తప్పు నాదే అన్నారు గిరిజగారు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో కుండీతో. ప్రణవి నల్లబడ్డ ఆకుల్ని చాలాసేపు చూసింది. ఏప్రిల్ ట్రిప్స్ గురించి నేను థింక్ చేస్తాను ఆంటీ అంది.

బండెక్కాక, అలా ఎందుకన్నారని అడిగాను. ట్రక్కు నాది, ట్యాంకులో ఏముందో చూడకుండా పడుకున్నది నేనే కదా అన్నారు. తిట్టాలని గుర్తు చేశాను. ఆకలేస్తోంది, తిన్నాక అన్నారు. తిన్నాక తిట్టలేదు.

జనవరి 20.

మైనస్ 4. ప్రణవికి ఫోన్ చేసి నిజం చెప్పాలనుకున్నాను. చేయలేదు.

జనవరి 21, ఉదయం 10:20.

ప్రణవికి ఫోన్ చేశాను. డీజిల్ నింపింది నేను, వద్దన్నా నింపింది నేను, అయిందని అబద్ధం చెప్పింది నేను అన్నాను. ఫిల్టర్లు ఎక్కడ దాచారో, ముందు హీటర్ ఎందుకు బాగుచేశారో కూడా చెప్పాను. పన్నెండు నిమిషాలు నేనే మాట్లాడాను. లైన్ కట్ అయిందనుకుని, అమ్మా ఉన్నావా అన్నాను. వింటున్నాను అంకుల్, డోంట్ స్టాప్ అంది.