కాచిగూడ షాట్

9 ఫిబ్రవరి 1996, శుక్రవారం

సోమవారం దోమలగూడలో లాయరు శ్రీరామమూర్తి గారి ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలి. మా అన్న భానుప్రకాశ్‌ను ఏడేళ్లుగా ఎవరూ చూడలేదు, అతని నుంచి ఏ కబురూ లేదు అని అఫిడవిట్. కింద నా పేరు, కమలాకుమారి, చెల్లెలు. అది ఉంటేనే స్వరూప వదిన కోర్టులో విడాకులు అడగొచ్చట. విడాకులొస్తేనే జైపాల్ గారిని పెళ్లి చేసుకోవచ్చు.

జైపాల్ గారు వదిన స్కూల్లోనే లెక్కల మాస్టారు. భార్య పోయి నాలుగేళ్లయింది. మంచి మనిషి. కాకపోయి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

అఫిడవిట్ నేనే కొట్టాను, అశోక్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో. గ్రూప్స్ రాసే హాస్టల్ పిల్లలకు తప్పుల్లేకుండా కొట్టమని రోజూ అరుస్తాను. ఇవాళ ఒక్క పేజీకి మూడు కాగితాలు చింపాను.

10 ఫిబ్రవరి

నిద్ర పట్టలేదు. అన్న వెళ్లిన రోజే గుర్తొస్తోంది. 1989, జనవరి 18, బుధవారం. మార్నింగ్ షోకి వెళ్తున్నానన్నాడు. తెల్ల చొక్కా. సైకిలు నారాయణగూడ థియేటర్ స్టాండులో దొరికింది. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పింది అక్కడి ప్రొజెక్టర్ ఆపరేటర్ దుర్గయ్య గారే. సైకిలుకు తాళం వేసి ఉంది. తాళం వేసినవాడు తిరిగి రావాలనుకునే కదా వేస్తాడు.

11 ఫిబ్రవరి, ఆదివారం, మ్యాట్నీ నుంచి వచ్చాక

వరుసగా రాస్తాను.

మా ఇద్దరికీ ఒక రూలు ఉండేది. రీమేక్ ఏదొచ్చినా ముందు అసలు సినిమా చూడాలి, తర్వాత రీమేక్, ఆ తర్వాత పోట్లాట. తమిళమైనా, కన్నడమైనా, భాష రాకపోయినా సరే. అసలును మించిన నకలు పుట్టలేదని అన్న. పుట్టిందని నేను. పాటలు మనవాళ్లవే బాగుంటాయి, ఏడుపు వాళ్లది బాగుంటుంది అని చివరికి రాజీ. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. అసలులో చచ్చిపోయినవాణ్ణి తెలుగులో బతికిస్తే అన్నకు ఒళ్లు మండేది. నాకేమో అదే ఇష్టం. టికెట్ కొని లోపలికెళ్లిన జనాన్ని ఏడిపించి పంపడమేమిటి?

ఇవాళ మొదటిసారి రూలు తప్పాను. అసలు చూడకుండా రీమేక్‌కు వెళ్లాను. తమిళ సినిమా తొంభైలో వచ్చింది, అన్న వెళ్లిపోయాక. ఒక్కదాన్నే కూర్చుని చూడాలనిపించలేదు. ఇవాళ ఎందుకో ఇంట్లో ఉండలేక, అదే నారాయణగూడ థియేటర్‌కు వెళ్లాను.

ఇల్లు వదిలిపోయిన భర్త కోసం రోజూ స్టేషన్‌కు వచ్చే ఆవిడ కథ. ఇంటర్వెల్ తర్వాత కాచిగూడ స్టేషన్, రైలు వచ్చి ఆగుతుంది, జనం. చాయ్ బండి పక్కన అన్న.

ఆకుపచ్చ గళ్ల చొక్కా. కుడి చెయ్యి వెనక్కి పెట్టి ఎడమ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ప్రపంచంలో అట్లా నిలబడేది వాడొక్కడే. తల తిప్పి మా వైపు చూశాడు. రెండు సెకన్లు. నేను లేచి నిలబడ్డానట. కూసో అక్కా, మాకు తెర కనబడ్తలేదు అని వెనకవాళ్లు అరిచారు.

పోయిన ఏడాది తీసిన సినిమా. అంటే పోయిన ఏడాది వాడు కాచిగూడలో ఉన్నాడు. మా ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో.

12 ఫిబ్రవరి, సోమవారం

సంతకం పెట్టలేదు. పెడితే అబద్ధం అవుతుంది కదా. శ్రీరామమూర్తి గారు కళ్లద్దాలు తీసి, బాగా చూసుకున్నావా అమ్మా, అని రెండుసార్లు అడిగారు.

ఇంట్లో చెప్పాను. వదిన తోమిన కుక్కరునే మళ్లీ తోమింది. అమ్మ మాత్రం నవ్వింది. ఏడేళ్ల తర్వాత అమ్మ పళ్లు చూశాను. ఎట్లున్నడు బిడ్డా, చిక్కిండా, అని అడుగుతూనే ఉంది. రెండు సెకన్లలో నేనేం చూస్తాను? బాగానే ఉన్నాడన్నాను.

13 ఫిబ్రవరి

జైపాల్ గారు వచ్చారు. చాయ్ తాగకుండా వెళ్లిపోయారు.

18 ఫిబ్రవరి, ఆదివారం

ముగ్గురం మ్యాట్నీకి వెళ్లాం. అమ్మకు షాట్ ఎప్పుడొస్తుందో ముందే చెప్పి ఉంచాను. అగో నా కొడుకు అని గట్టిగానే అంది. పక్కనున్నవాళ్లు హీరో తల్లి అనుకున్నారేమో, గౌరవంగా చూశారు. వదిన తెర చూసి, తర్వాత నన్ను చూసింది.

క్లైమాక్స్‌లో ఆ భర్త రైలు దిగుతాడు. దండలు, పాట, పిల్లల కేరింతలు. అమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ నాలుగో కంచం పెట్టింది. గాడు ఆకలితోటి అస్తడు అంది. వదినే ఆ కంచం కడిగి బోర్లించింది. తర్వాత, ఎంతో మామూలుగా, జైపాల్ సార్‌కు కుదరదని చెప్పేసిన కమలా, అంది.

నాకు సంతోషం వేసింది. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. సంతోషం వేసింది.

21 ఫిబ్రవరి

కాచిగూడలో కూలీలకు ఫోటో చూపించాను. చాయ్ బండి వాళ్లకు చూపించాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ చాయ్ బండి ఉన్న చోట ఇప్పుడు పుస్తకాల షాపు ఉంది. ఎప్పుడు పెట్టారని అడిగితే నాలుగేళ్లయిందన్నారు.

నాలుగేళ్లు.

24 ఫిబ్రవరి, శనివారం

దుర్గయ్య గారి దగ్గరికి వెళ్లాను. షోకీ షోకీ మధ్య ఆపరేటర్ రూములో టిఫిన్ తింటున్నారు. అంతా చెప్పాను. ఆయన తినడం ఆపేశారు.

గది గీ సిన్మ షాట్ కాదు బిడ్డా, అన్నారు. రంగు చూస్తలేవా, గా ఒక్క ముక్క పలచగ ఉంటది, గీతలు ఎక్కువుంటయి. రైలు, స్టేషను, జనం గివన్నీ మళ్ల తియ్యాల్నంటే మస్తు పరేషాన్. అసలు సిన్మ వాళ్ల నెగెటివ్‌లకెల్లి డూప్, అంటే కాపీ, తీసి అతికిస్తరు, హీరోయిన్ మొఖం మటుకు కొత్తగ తీస్తరు. రీమేకుల్ల అందరు చేసే పనే గిది. నువ్వు గిన్ని రీమేకులు చూసినవు, తెల్వదా? అని అడిగారు.

తెలియదు. పద్దెనిమిదేళ్లుగా పోల్చి పోల్చి చూస్తున్నాను, ఈ ముక్క తెలియదు. అసలు ముందు చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

25 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం

చిక్కడపల్లి వీడియో షాపులో తమిళ క్యాసెట్ దొరికింది. అక్కడే, కౌంటర్ వెనక టీవీలో వేయించుకుని చూశాను. అదే రైలు, అదే చాయ్ బండి. ఇందులో షాట్ ఇంకా పొడుగు. అన్న తల తిప్పి చూశాక, కెమెరా చూసి సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వును తెలుగువాళ్లు కత్తిరించేశారు.

ఆ తమిళం వాళ్లు 1988లో కాచిగూడకే వచ్చి తీశారట, షాపతను చెప్పాడు. వాడు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు, రోజూ అన్నం తింటూ. షూటింగ్‌లో నిలబడ్డానని మాకు చెప్పనేలేదు. సినిమా వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి తెర మీద చూపించాలనుకున్నాడేమో.

తమిళంలో భర్త దిగడు. రైలు వెళ్లిపోతుంది, ఆవిడ ఇంటికి నడుస్తుంది. అంతే. మా అన్నదే కరెక్ట్.

26 ఫిబ్రవరి

వదినకు చెప్పలేదు.

27 ఫిబ్రవరి

చెప్పలేదు.

29 ఫిబ్రవరి, గురువారం

ఎందుకు చెప్పడం లేదో ఇక్కడైనా రాయాలి. చెబితే అన్న రెండోసారి పోతాడు. చెబితే వదిన వెళ్తుంది. వెళ్తే సాయంత్రాలు నేనూ అమ్మా, గోడ మీద ఫోటో. వదిన వయసు ముప్పై ఒకటి. నాకున్నది భయం, ఆమెకు పోతున్నది బతుకు. ఇదంతా రాసి కూడా రాత్రి అన్నాల దగ్గర నోరు తెరవలేదు. ఇంత దుర్మార్గురాలినని నాకిన్నాళ్లూ తెలియదు.

2 మార్చి, శనివారం

చెప్పాను.

వదిన కూర తరుగుతోంది. నేను ఏడ్చుకుంటూ చెప్పాను, ఆమె తరుగుతూనే విన్నది. తర్వాత, నాకు మొదలే తెల్సు కమలా, అంది.

ఆ గళ్ల చొక్కా అన్న వెళ్లిన రోజు ఇంట్లోనే ఉందట, దండెం మీద. ఏడాదిన్నర పైన దాచి, తొంభై దసరాకు స్టీలు సామాన్లు అమ్మే ఆమెకు పాత బట్టల్లో వేసేసిందట. మనం కందిపప్పు పోసుకునే డబ్బా దానికి వచ్చిందే, అంది. తెర మీద ఆ చొక్కా కనబడగానే పాత షాట్ అని అర్థమైందట.

మరి జైపాల్ గారికి ఎందుకు వద్దన్నావని అడిగాను. అత్తమ్మ నవ్వబట్టె, నువ్వు నవ్వబట్టె, గిప్పుడు చచ్చిండని నేనెట్ల చెప్పాలె, అంది. అప్పుడు కత్తిపీట పక్కకు తోసి, గట్టిగా ఏడ్చింది. పెళ్లయి రెండేళ్లు కాపురం చేసినందుకు ఏడేళ్లు కాపలా కాసిన, ఇంకెన్నేండ్లు కావాలె మీకు, అంది.

కాళ్లు పట్టుకున్నాను. వదిలించుకుంది. కాసేపటికి తనే వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

4 మార్చి, సోమవారం

సంతకం పెట్టాను. ఏడేళ్లుగా ఎవరూ చూడలేదు.

బయట జైపాల్ గారు గొడుగు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. గొడుగు తెరవడం మర్చిపోయినట్టున్నారు. వదిన చూసి నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

అమ్మకు మాత్రం ఎవరమూ చెప్పలేదు.

17 మార్చి, ఆదివారం

సినిమా మారింది. అమ్మ నమ్మలేదు, తీసుకెళ్లమంది. తీసుకెళ్లాను. ఇది రీమేక్ కాదు, ఈ ఏడాదే తీసింది, ప్రతి షాటూ కొత్తదేనని దుర్గయ్య గారు గేటు దగ్గరే చెప్పారు.

ఇంటర్వెల్‌కు ముందు బజారు సీన్‌లో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అగో, ముసలోడైండు, అంది.

సీను అయిపోయేదాకా నేను కళ్లు తెరవలేదు.