తెరచాపా, సముద్రపు గ్యాసూ

2003, ఆదివారం రాత్రి.

కాకినాడలో ఎమ్మెస్సీ చదువుతానని మా జ్యోతి ఫారం తెచ్చి నాలుగు రోజులైంది. నేనింకా సంతకం పెట్టలేదు. ఇవాళ అన్నం తింటుంటే మళ్లీ అడిగింది.

"ఆ చదువుతో ఏం చేస్తావే?" అన్నాను.

"గాలిమర కరెంటుతో సముద్రపు నీళ్లలోంచి హైడ్రోజన్ గ్యాసు తీస్తాను నాన్నా. దాంతో మన బోటు నడుస్తుంది. డీజిలక్కర్లేదు."

"అంటే గాలితో పడవ నడపడమేగా? మీ తాత గుడ్డ కట్టి నడిపేశాడు. ఆయనకి ఎమ్మెస్సీ కూడా లేదు."

మా ఆవిడ పగలబడి నవ్వింది. నాకు మాత్రం నాన్న తెరచాప, దానికి అమ్మ వేసిన మాసికలు కళ్ల ముందు మెదిలాయి.

జ్యోతి నవ్వలేదు. "మరి గాలి పడిపోయిన రోజు తాతయ్య ఎలా వచ్చేవాడు? గ్యాసైతే గాలున్నప్పుడే తీసి దాచుకోవచ్చు" అంది.

గాలి లేని సాయంత్రాలు అమ్మ అంతర్వేది ఒడ్డున నిలబడే ఉండేది. నేను ఆమె కొంగు పట్టుకుని, దూరంగా ఏది తెల్లగా కనపడినా నాన్న తెరచాపే అనేవాణ్ణి.

ఇందాకే ఫారం మీద సంతకం పెట్టేశాను. గీత కొంచెం వణికింది. పొద్దున్న జ్యోతి అడిగితే, పెన్ను బాగోలేదని చెప్పాలి.