గుమ్మటం మీది చిలుము

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు, తమ కార్యాలయంలో గంటలు, గొళ్లాలు, నామఫలకాలు తోమే పనివాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కార్యాలయపు రాగి గుమ్మటాన్ని నేను అనుమతి లేకుండా మెరిపించుట, దానికి మందు పూసి మరల పచ్చబరచు ఉత్తర్వును నిలుపుచేయ కోరుట గురించి.

1. పావురాల రెట్ట కడగమని మాత్రమే తమరు ఉత్తర్వు ఇచ్చియుంటిరి. కడిగితిని. రెట్ట కింద పచ్చగా చిలుము కనబడినది. రాగి మీద చిలుము చూస్తే నా చేయి ఊరుకోదు; బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లి, వారి చెంబు తోమిపెట్టి వచ్చినవాడను. నిమ్మచెక్కలు, ఉప్పు పట్టుకుని మళ్లీ పైకెక్కితిని. వాచ్‌మన్ నిచ్చెన కింద నిలబడి కేకలు వేసి నన్ను దింపేసరికి, మా వీధి వైపు చాపంత మేర తప్ప తక్కినదంతా అద్దమైపోయినది.

2. ఆ మెరుపుకు ఎదుటి మేడలోని గుమాస్తాలు పట్టపగలు కిటికీలు మూసి దీపాలు వేసుకుంటున్న మాట వాస్తవము. ఇంజనీరుగారు నన్ను పిలిపించి, "అది మురికి కాదయ్యా మహానుభావా! ఎండకీ వానకీ తట్టుకోడానికి రాగి తనకు తానే కుట్టుకున్న చొక్కా. ఎన్నేళ్లు పట్టిందో తెలుసా?" అన్నారు. ఊరందరి ముందు దాని చొక్కా విప్పిన ఘనుడను నేనేనని అప్పుడు తెలిసినది. అంతవరకూ పనిమంతుడనని మీసం దువ్వుకుంటున్నాను.

3. నష్టం పూడ్చుదామని ఇంట్లో ప్రయోగములు చేసితిని. మైలుతుత్తం నీళ్లలో కలిపి రాగి బిందెకు పూయగా బిందె చెక్కుచెదరలేదు. మా ఆవిడ చీర నీలమైనది. వెనిగర్, ఉప్పు పూయగా బిందె పచ్చబడినది గానీ, చెయ్యి తగిలితే పచ్చదనమంతా చేతికే వచ్చినది. "ఊళ్లోవాళ్ల చిలుమంతా వదిలించి, మన ఇంటికి పట్టించావు" అన్నది మా ఆవిడ.

4. ఇంతలో, వచ్చే సోమవారం గుత్తేదారు గుమ్మటానికి మందు పూసి పచ్చబరుస్తాడని నోటీసు అంటించారు. చూసిన వెంటనే ఈ అర్జీ వ్రాయ కూర్చుంటిని. కారణము మా అమ్మ. ఆమె మంచం గుమ్మటానికి ఎదురుగా ఉన్న కిటికీ పక్కన వేశాము. చూపు మసకబారి, ఆమెకు కిటికీ అంటే బూడిదరంగు గోడే అయిపోయినది. నేను తోమిన మర్నాడు పొద్దున్నే, "ఒరేయ్, బయట ఏదో మెరుస్తోంది. సూర్యుడేనా?" అన్నది. "కాదమ్మా, నేను తోమిన గుమ్మటం" అన్నాను. "అయితే నా కళ్లు ఇంకా పోలేదన్నమాట" అని ఏడ్చింది. నేనూ ఏడ్చితిని. అర్జీలో ఇటువంటివి వ్రాయరాదని తెలియును. కొట్టివేయుటకు చేయి రాలేదు.

కనుక గుత్తేదారును ఆపి, గుమ్మటాన్ని ఎండకూ వానకూ వదిలేయవలెనని ప్రార్థన. నిదానంగా అవే దానికి కొత్త చొక్కా కుడతాయి. ఆ మెరుపు ఉన్నన్నాళ్లు మా అమ్మకు చాలు. నన్ను గొళ్లాల పనిలోంచి తీసేసినా సరే. (ఈ వాక్యం మా ఆవిడకు చూపలేదు.)

ఈ తెలివితక్కువవాని మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కార్యాలయంలో అందరూ 'నిమ్మచెక్క' అని పిలుచువాడు

తాజా కలం: అర్జీ మా అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "మధ్యలో ఒకచోట చాపంత మేర మసగ్గా ఉందిరా. అక్కడ తోమలేదా?" అంది. అయ్యా, అది చొక్కా అని నాకిప్పుడు తెలుసు. అయినా ఒక్క పూట నిచ్చెన ఇప్పించండి. నిమ్మచెక్కలు నేనే తెచ్చుకుంటాను.