పడమటి బండను గీకిందెవరు

ఫెట్లర్ దీవి, మంగళవారం

ఓస్లా అక్కకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఆవు ఈనింది, కంగారు పడకు.

నా పెళ్ళి శాలువా రంగుకని ఐదేళ్ళుగా ముట్టుకోకుండా ఉంచిన పడమటి బండ ఉందే, దాని మీద పెచ్చు కట్టిన తెల్ల రాతిపాచినంతా ఎవరో గీకేశారు. సగం వదిలితేనే మళ్ళీ పెరుగుతుందని నాన్న చెప్పిన మాట కూడా పాటించలేదు. నాకు పక్కింటి గిర్జీ మీదే అనుమానం. ఆ పాచి మూడు వారాలు పులిసిన ఉచ్చలో నానితే గాని ఊదా రంగు దిగదు కదా, ఆ కంపు ఎవరూ దాచలేరు. అందుకే నిప్పు అడిగే వంకతో వెళ్ళి వాసన చూశాను. గిర్జీ పసిగట్టేసింది. "తొట్టి మూత కూడా తీసి చూడవే, మొహమాటమెందుకు" అంది. తీశాను. తొట్టి పొడిగా ఉంది.

అది సరే, లెర్విక్‌లో చేపల పని ఎలా ఉంది? టీ పొడి పంపు. నువ్వు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ పాచి గీకే మన ఇనుప గరిటె కనబడటం లేదు, నీ పెట్టెలో పడిందేమో వెతుకు.

చల్లగా ఉండమని అమ్మ దీవించింది. నీ కిందటి కార్డు మూలనున్న ఊదా రంగు వేలిముద్ర ఆమెకింకా చూపించలేదు.

నీ చెల్లెలు
ఇంగా