నీలి ఏడిస్తే నోరు మూయొద్దు

నర్మెట్టలో ఉండే నేను, చనిపోయిన బుచ్చయ్య భార్య ఓదెమ్మను, వయసు అరవై. జబ్బు ముదిరినా తెలివి చెడలేదు. ఎవరి బలవంతమూ లేకుండా, నా నోటితో చెప్పి ఈ వీలునామా రాయిస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా తమ్ముడు యాకయ్యది.

1. బావి కింది రెండెకరాలు యాకయ్యకు.

2. ఎడ్లబండి మా మరిది కొడుకు రాజలింగానికి. "గా లంబాడి పిల్లను ఇంకో ఇంటికి తోలెయ్యి పెద్దమ్మా" అని మూడుసార్లు అన్నాడు. ఆ బండెక్కి వాడే పోవచ్చు.

3. నేనుంటున్న ఇల్లు, బర్రె, నర్సింహులపేట దగ్గరి తండా సోమ్లీకి. దళంలోకి పోతూ, ఏడాది నిండిన తన కూతురు నీలిని సంఘం వాళ్లమైన మా చేతుల్లో పెట్టిందామె. పోలీసుల కంట పడొద్దని బిడ్డను భూపాలపల్లి అడవి ఊళ్ల దాకా తిప్పాం. ఇల్లు మారినప్పుడల్లా పేరు మార్చాం. ఏడిస్తే నోరు మూశాం.

నాది ఐదో ఇల్లు. మూడేళ్ల పిల్ల, ఎవరు చేతులు చాపినా చంకెక్కేది. "ఎంత బుద్ధిమంతురాలో" అని వాడంతా మురిసింది, నేనూ మురిశాను. మోకాలు చీరుకుపోతే ఎవరి దగ్గరికీ రాలేదు. వడ్ల గుమ్మి వెనక కూర్చుని తానే నెత్తురు తుడుచుకుంది. జనగామ దవాఖానలో ఐదు రోజులుండి నేను తిరిగొస్తే తలెత్తి కూడా చూడలేదు. అది బుద్ధి కాదు, ఎవరూ తనవాళ్లు కారనుకోవడమని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి మరో పేరుతో పిలవనియ్యలేదు. ఎటు పోయినా చెప్పి పోయాను. పొరుగింటి రాములమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఇంటి తాళంచెవి దాని మొలతాడుకు కట్టి, "నేనొచ్చెదాక నీ తాననే ఉంచు బిడ్డా" అనేదాన్ని. ఇద్దరం ఒక్క గిన్నెలోనే జొన్న గట్క తిన్నాం. రెండేళ్లు పట్టింది. మొన్న మక్కలు విరిచేటప్పుడు నేను జనగామ బయలుదేరితే, కొంగు పట్టుకుని "పోకవ్వా" అని వాడ దద్దరిల్లేలా ఏడ్చింది. "మంచి పిల్లను చెడగొట్టినవ్" అంది రాములమ్మ. నేను వాడంతా బెల్లం పంచాను. ఎంత బాగా ఏడ్చింది నా తల్లి!

పోలీసులకు పట్టుబడిన సోమ్లీ రేపోమాపో జైలు నుంచి వస్తుంది. సోమ్లీ, కన్నతల్లివి, కాదనను. కానీ వచ్చీరాగానే బిడ్డను ఎత్తుకుపోకు. నువ్వే వచ్చి ఈ ఇంట్లో ఉండు. అది నీ చంకెక్కితే పొంగిపోకు. నువ్వు గడప దాటుతుంటే ఏడ్చిన రోజున అది నీ బిడ్డ.

4. తాళంచెవి నీలికి.

5. నేను పోయాక "అవ్వ ఊరికి పోయింది" అని దానికి అబద్ధం చెప్పొద్దు. చచ్చిపోయిందని చెప్పండి. అది ఏడిస్తే ఎవ్వరూ నోరు మూయొద్దు. దాని ఏడుపు తీరేదాకా పాడె ఆగాలి.

నర్మెట్ట, 1951 నవంబరు 12.
చదివి వినిపించగా విని, సరేనని వేసిన ఓదెమ్మ ఎడమ బొటనవేలి నిశానీ.
సాక్షులు: రాములమ్మ (నిశానీ), సమ్మయ్య (సంతకం).
రాసినది: గోవర్ధన్.