ఎవరూ ఆడని ఆట

మీరు నా చేత లేని ఆటకి ఫోటోలు తీయించారు బావా.

కుశలప్రశ్నలు తర్వాత. ఫోన్ చేస్తే మీరు నన్ను మాటల్లో పెట్టి నవ్విస్తారు, కోపం కాస్తా చల్లారిపోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

బల్ల మీద ఆడే ఆటల్ని ఫోటోలు తీయడమే నా పని. ఆట అచ్చు కాకముందే ఆ ఫోటోలు చూసి జనం డబ్బు కడతారు, ఆ డబ్బుతోనే ఆట తయారవుతుంది. కాబట్టి నమూనాలో సగం ముక్కలు ఏ బొమ్మా లేక తెల్లగా ఉండటం నాకు కొత్త కాదు. పావులు తక్కువైతే ఉన్నవాటినే అటూ ఇటూ జరిపి బోర్డు నిండుగా చూపించడమూ కొత్త కాదు. ఈ పని నాకెవరూ నేర్పలేదు. లైటుకి అడ్డంపెట్టే బటర్ పేపర్లూ, వెలుగుని మొహం మీదకి మళ్ళించే థర్మోకోల్ అట్టలూ పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నాను. కానీ నేను తీసిన ప్రతి ఆటా ఎవరో ఒకరు ఆడిందే. తీసేముందు నేనూ ఒకసారి ఆడతాను. మనుషులు ఎక్కడ ఊపిరి బిగబడతారో తెలీకపోతే కెమెరా ఎక్కడ పెట్టాలో తెలీదు.

మొన్న మీ హాల్లో లైట్లు నిలబెడుతూ "ఇది ఎలా ఆడాలి బావా?" అనడిగాను. "ముందు ఫోటోలు కానీవే, ఆటదేముంది" అన్నారు. సర్దేటప్పుడు పెట్టె ఎత్తితే పైవరస ముక్కల కింద అన్నీ పాత పేపర్ల ఉండలే. నియమాల పుస్తకం తెరిస్తే మొదటి పేజీ తప్ప అన్నీ తెల్లకాగితాలు. పైన పటారం, లోన లొటారం. నిన్న డబ్బు కట్టమంటూ మీరు నెట్‌లో పెట్టిన పేజీ చూశాను: "రెండు వందల ఇళ్ళలో ఆడి చూసిన ఆట." ఏ ఇళ్ళు బావా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ వాక్యం తీసేయండి. దాని పక్కనున్న ఫోటోలో అక్క ఉంది. పాపం మీ మాట నమ్మి కూర్చుంది. దాన్ని ఇందులోకి లాగకండి. మంగళవారం సాయంత్రంలోగా జవాబు రావాలి.

మీ మరదలు

*

చిచ్చుబుడ్డీ,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆట నా బుర్రలో ఉంది, కాగితం మీదకి రావడమే ఆలస్యం. డబ్బు రానీ, ఆర్నెల్లలో నీ ముందు పెడతాను. ఉద్యోగం మానేసింది జనాన్ని ముంచడానికా? నవ్విన నాపచేనే పండుతుంది, చూస్తుండు.

ఇంకో సంగతి. అక్కని వెనకేసుకొచ్చావు కాబట్టి చెప్తున్నా. రెండు వందల ఇళ్ళ వాక్యం రాసింది నేను కాదు, మీ అక్కే. నేను వద్దన్నాను కూడా.

కోపం తగ్గాక భోజనానికి రా.

మీ బావ

*

అక్కా,

బావ ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. అదంతా అబద్ధమంటావేమోనన్న ఆశతో పొద్దున ఫోన్ చేస్తే, "అయితే ఏంటే? ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటే చూడలేకపోయాను. ఒక్క వాక్యం రాశాను, హత్య చేశానా?" అని పెట్టేశావు.

నాకెక్కడ మండిందో చెప్తాను విను. ఆ ఫోటోలో నువ్వు ముక్కలు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నావు. నేను ఇప్పటిదాకా తీసినవాటిలో అంత మంచి ఫోటో లేదు. బావ ఉద్యోగం మానేశాక నువ్వలా నవ్వగా చూడలేదు నేను. నేను కుర్చీ ఎక్కి, థర్మోకోల్ అట్ట నెత్తిన పెట్టుకుని, "కదిలావో, ఇది నీ మీదే పడుతుంది" అంటే నవ్వావు. ఆ నవ్వు నాకోసం అనుకుని ఇంటికెళ్ళాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి ఆ వాక్యం పక్కన అంటించావు.

ఇవాళ మధ్యాహ్నం ఎవరో పెద్దాయన నాకు రాశాడు. ఫోటో కింద ఉండేది నా పేరే కదా. "మా ఆవిడకి ఆటలంటే విసుగమ్మా. నీ ఫోటోలో ఆవిడ ఏ ముక్క చూసి అంతలా నవ్విందో చెప్పు. పంచేటప్పుడు అది మా ఆవిడకే పడేలా దొంగపంపకం చేస్తాను. డబ్బు కట్టేశాను" అని.

జవాబు మొదలుపెట్టి చెరిపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. ఏం రాయను? నీ చేతిలోవన్నీ తెల్లముక్కలే.

ఆయనకి నువ్వే రాయాలి. బావ మీద జాలితో చేశానంటావో, ఇంకేమంటావో నీ ఇష్టం, నిజం రాయి. ఆ వాక్యం కొట్టేసి, "ఆట ఇంకా లేదు, అయినా ఉంటారా?" అని కట్టినవాళ్ళందర్నీ అడుగు. ఉండేవాళ్ళు ఉంటారు. బావ బుర్రలో ఆట నిజంగా ఉంటే దానికి భయమెందుకు?

శుక్రవారం సాయంత్రం పేజీ మూతపడి డబ్బు మీ చేతికొస్తుంది. అందుకని గురువారం రాత్రిలోగా, ఆయనకి రాసింది నాకూ పంపు. పంపకపోతే శుక్రవారం పొద్దున్నే నా ఫోటోలన్నీ ఆ పేజీలోంచి తీయించేసి, ఆయనకి నేనే రాస్తాను. ఆ తర్వాత నాకు మీ ఇంటి గుమ్మం ఉండదని తెలుసు. అయినా రాస్తాను.

గురువారం రాత్రి అక్కా. ఒక్క పూట కూడా ఆగను.

నీ చెల్లెలు