ట్రెయిలర్ బ్రేకు, అమ్మ పెట్టిన పసుపు

అక్కా,

దండాలు. నువ్వు, బావ, బుజ్జిది మంచిగున్నరా? దానికి దగ్గు తగ్గిందా? మేం మంచిగనే ఉన్నం, రంది పెట్టుకోకు. ఫోన్ చెయ్యమంటవ్ గని నాకు మాటలు రావని నీకు తెల్సు కదా, అందుకే టైప్ చేస్తున్న. తప్పులుంటే నవ్వకు. తొమ్మిదిల బడి బందువెట్టినోణ్ణి.

ఇక్కడ మా ఊరు ఒషావాల మంచు కరిగింది. బాపు పని మళ్ల షురువైంది, ఇండ్ల ముందట గడ్డి పరుసుడు, రాళ్లు పరుసుడు. నేను గూడ పోతున్న. పొద్దున చలి, మధ్యాహ్నం చెమట. అమ్మ పప్పుచారు థర్మాస్‌ల పోసి ఇస్తది. ఎవరన్న ఇటు వస్తుంటే మన చింతపండు పంపు, ఇక్కడిది పులుపే ఉండదు. అన్నీ మంచిగనే ఉన్నయ్ గని ఒక్క తాన కూసోబుద్ధైత లేదు. ఎందుకో చెప్త.

పని మొదలైన రోజు అమ్మ బండికి పూజ చేసింది. పికప్పుకు, ఎనక ట్రెయిలర్‌కు అన్ని దిక్కుల పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. పక్కింటాయన వచ్చి "బండి బర్త్‌డేనా?" అని అడిగిండు. అమ్మ ఔనన్నది.

తెల్లారి నుంచి ట్రెయిలర్ కనెక్ట్ కాలేదని బండి స్క్రీన్ మీద వస్తుండె. ఇక్కడ ట్రెయిలర్‌కు దాని బ్రేకులు దానికుంటయ్ అక్కా. పెడల్ తొక్కితే బండిల ఉన్న చిన్న డబ్బా ట్రెయిలర్‌కు కరెంటు పంపుతది, అప్పుడు దాని చక్రాలు గూడ ఆగుతయ్. కంపెనీ ఇచ్చిన డబ్బా ఖరాబైందన్నడు బాపు. షాపోళ్లు మూడు వారాల దాకా టైం లేదన్నరు. బయట దొరికే డబ్బా తెస్తే నేనే బిగిస్త అన్న. ఎట్ల అన్ననో నాకే తెల్వదు.

రెండు రోజులు వీడియోలు చూస్కుంట, స్టీరింగ్ కింద పండుకోని కంపెనీది ఊడదీసి, మోకాలి దగ్గర కొత్తది బిగించిన. నాలుగే తీగలు. మస్తు సార్లు చూసుకోని కలిపిన. ట్రెయిలర్ తగిలించి చేత్తోని డబ్బా మీది మీట నొక్కితే ఏం లేదు. బ్రేకే పడలే.

"తీగ తప్పు కలిపినవ్‌రా," అన్నడు బాపు.

"లేదు బాపు."

"మరి దయ్యం పట్టిందా?"

అప్పటికే ట్రెయిలర్ నిండ రాళ్లున్నయ్. లేక్ దిక్కు వాలు రోడ్డు దిగాలె. "మన ఊర్ల ట్రాలీకి బ్రేకులున్నయా? ఏమన్నైందా? మెల్లగ పోదాం, తాళం తే," అని చెయ్యి చాపిండు. తాళం నా జేబుల ఉంది. బాపుకు ఎన్నడన్న ఎదురు చెప్పిన్నా అక్కా?

"ఇయ్య," అన్న.

"ఏందిరా?"

"బ్రేకు పడేదాక ఇయ్య బాపు."

కొడ్తడనుకున్న. కొట్టలే. చాయ తాగుతనని లోపలికి పోయిండు. నాకు కాళ్లు ఆగలే. బండి సుట్టు తిరిగిన, మళ్ల తిరిగిన. ఎనక లైట్లు వెలుగుతున్నయని ఇన్ని రోజులు ఎవ్వరం ట్రెయిలర్ ప్లగ్గు చూడలే. గుంజి చూస్తే ఏడు బొక్కలల్ల ఒక్క బొక్క నిండ పసుపు. అమ్మ నూనెల కలిపి పెట్టింది గదా, గట్టిగైంది. బ్రేకు తీగ బొక్కనే అది! పాత బ్రష్‌తోని గీకి తుడిచిన.

బాపును పిల్చి మెల్లగ నడుపుమన్న. మీట నొక్కిన. ట్రెయిలర్ ఎనకకు గుంజి పట్టింది, బాపు ముంగటికి ఊగిండు. బండి ఆపి నా దిక్కు తిరిగిండు.

"అంటే పాత డబ్బా మంచిదేనారా?"

"గట్లనే ఉంది బాపు."

"మీ అమ్మకు చెప్పకు."

ఇద్దరం నవ్వినం. బాపుతోని అట్ల నవ్వుడు ఇదే మొదటిసారి. నువ్వు గూడ అమ్మకు చెప్పకు.

ఆ వాలు దిగేటప్పుడు ట్రెయిలర్ మమ్ముల నూకలే. అప్పుడు బావ ట్రాలీ యాదికొచ్చింది. ఒకసారి వడ్ల బస్తాల మీద కూసోని వస్తుంటే, కాలువ కట్ట దిగంగ ట్రాలీ ట్రాక్టర్‌ను ఎనక నుంచి నూకింది. బావ నవ్విండు. నాకు పానం పోయినట్టైంది గని నోరు తెరవలే. ఇప్పుడు బుజ్జిదాన్ని గూడ బస్తాల మీద కూసోవెట్టి దిగుతున్న వీడియో పెట్టినవ్. వారం నుంచి అదే చూస్తున్న.

అత్తమ్మకు, మామకు దండాలు చెప్పు. బుజ్జిదానికి నా ముద్దులు. నన్ను దీవించు.

ఆదివారం ఫోన్ చేస్త. బావకు ఇయ్యి, నేనే చెప్త. సప్పుడు రాకుంటే పెట్టెయ్యద్దని చెప్పు, కొంచెంసేపు ఆగుమను.

నీ తమ్ముడు
మల్లేశు